పాత కారుకు కొత్త రంగు – ముల్లు కదలదేం?

బాలలూ! జగిత్యాల నుండి కోరుట్లకో, సిరిసిల్లకో పెళ్ళికి వెళ్ళాలంటే ఒకప్పుడు ఏ కారు కిరాయికి మాట్లాడుకునేవారో మీ తాతయ్యను అడగండి. చాలామంది అంబాసిడర్ పేరే చెబుతారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన ఈ కారు 1950ల చివరి నుండి 2014 దాకా వచ్చింది. తరువాత తయారీ ఆగిపోయింది. అందుకే ఆ కారు మీద మక్కువ ఉన్నవారు పాతదాన్నే విప్పి, తుప్పు గీకి, రంగు వేసి మళ్ళీ నడిపించుకుంటారు.

ఆ పనిలో ఒక్కొక్కసారి ఒక వింత చిక్కు వస్తుంది. డ్రైవరు ఎదుట మీటర్లుండే పలకే డాష్‌బోర్డు గదా! పాత కార్లలో అది ఇనుప రేకుది. దాన్ని ఊడదీసి, చక్కగా రంగు వేసి, మీటర్లు బిగించి, వైర్లు ఎక్కడివక్కడ కలిపారనుకోండి. తాళం తిప్పితే పెట్రోలు మీటరు ముల్లు సరిగా కదలదు. మీటర్లలోని దీపాలు వెలగవు. కారు నడిస్తే స్పీడోమీటరు ముల్లు మాత్రం చక్కగా లేస్తుంది! వైరు తెగలేదు, బల్బు మాడలేదు. మరి కారణమేమిటి?

విద్యుత్తు బ్యాటరీ ఒక కొస నుండి బయలుదేరి, దీపం గుండా సాగి, రెండో కొసకు చేరాలి. పోవడానికొక దారి, రావడానికొక దారి! ఇంట్లో బల్బుకు రెండు వైర్లు అందుకే. కారులో చాలా దీపాలకు ఒక్క వైరే ఉంటుంది. రెండో దారి కారు ఇనుప శరీరమే! బ్యాటరీ ఒక కొసను దానికి కలిపి ఉంచుతారు. మెకానిక్కులు దీన్ని 'ఎర్త్' అంటారు. పేరు ఎర్తే గాని, నేలతో సంబంధం లేదు. కారు నిలిచేది రబ్బరు టైర్ల మీద గదా!

రంగు విద్యుత్తును పోనివ్వదు. స్క్రూల కింద, మీటరు ఆనేచోట రంగు పేరుకుంటే తిరుగు దారి మూసుకుపోతుంది. సగం మూసుకున్నా ముప్పే, ముల్లు తప్పు లెక్క చూపుతుంది. ట్యాంకు అడుగంటినా పెట్రోలు ఉన్నట్లు చూపిందంటే, రాత్రివేళ సిరిసిల్లకు బయలుదేరిన కుటుంబం నడిదారిలో నిలిచిపోవలసిందే!

స్పీడోమీటరు ఎలా తప్పించుకుంది? పాత కార్లలో దాని ముల్లుకు బ్యాటరీతో పని లేదు. గేరుబాక్సు నుండి వచ్చే కేబులు గిర్రున తిరుగుతూ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చెంతనున్న అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్తు పుట్టి, గిన్నెను అయస్కాంతం వెంట లాగుతుంది. సన్నని స్ప్రింగు వెనక్కి లాగుతుంది. రెండు లాగుడులూ సమానమైన చోట ముల్లు ఆగుతుంది.

చిక్కుకు మందు సులువే. మెకానిక్కు ముందుగా బ్యాటరీ వైరు తప్పిస్తాడు. లేకుంటే రెంచి తగిలినా నిప్పురవ్వలు లేస్తాయి. తరువాత స్క్రూ కింద రూపాయి బిళ్ళంత మేర రంగు గీకి ఇనుము మెరిసేలా చేస్తాడు, లేదా వేరే ఎర్త్ వైరు కలుపుతాడు.

మీరూ చేసి చూడండి! టార్చి సెల్లు, టార్చి బల్బు, రెండు వైరు ముక్కలు, రంగు వేసిన రేకు డబ్బా మూత తీసుకోండి. బల్బు అడుగును సెల్లు బొడిపెకు ఆనించండి. బల్బు ప్రక్క నుండి ఒక వైరు, సెల్లు అడుగు నుండి మరొకటి తెచ్చి, మూత రంగుపై వేర్వేరు చోట్ల తాకించండి. దీపం వెలగదు. ఆ రెండు చోట్లా గరుకు కాగితంతో బాగా రుద్ది మళ్ళీ తాకించండి. వెలుగుతుంది! ఇంటి కరెంటుతో మాత్రం ఈ ప్రయోగం ఎన్నడూ చేయరాదు సుమా!