ఘన్‌పూర్‌కు ముందు ‘స్టేషన్’ ఎందుకు?

సికింద్రాబాద్ నుంచి వరంగల్ వచ్చే రైలు మార్గంలో జనగామకు స్టేషన్ ఉంది, రఘునాథపల్లికి ఉంది, కాజీపేటకైతే పెద్ద జంక్షనే ఉంది. ఆ ఊళ్ల పేర్లకు ముందు మాత్రం ఆ మాట లేదు. స్టేషన్ ఘన్‌పూర్‌కే ఎందుకుంది?

జవాబు కోసం ఇంకో ఘనపురం దాకా వెళ్లాలి. ములుగు నుంచి భూపాలపల్లి వైపు వెళితే వచ్చే ఆ ఘనపురంలో కాకతీయుల కాలపు గణపేశ్వరాలయం ఉంది. చుట్టూ ఉన్న చిన్న గుళ్లతో కలిపి దాన్ని కోటగుళ్లు అంటారు. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడగొట్టేదాకా ఈ రెండు ఊళ్లూ వరంగల్ జిల్లాలోవే. ఒకే జిల్లాలో రెండు ఘన్‌పూర్‌లుంటే ఉత్తరం ఎక్కడికి చేరాలి, ఫైలు ఎక్కడికి పోవాలి? అందుకే సర్కారు కాగితాల్లో ఒకదానికి బ్రాకెట్లో ములుగు అనీ, ఇంకోదానికి స్టేషన్ అనీ రాసేవారు. కాగితం మీద వెనక ఉండే మాట జనం నోట ముందుంటుంది. ఇప్పుడు ఒక ఊరు జనగామ జిల్లాలో, ఇంకోటి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్నా పేరు మారలేదు. అసెంబ్లీ నియోజకవర్గం పేరు కూడా స్టేషన్ ఘన్‌పూరే. అటు పాలమూరు వైపు కోట ఉన్న ఘనపురానికి ఖిల్లా ఘనపురం అని పేరు. అక్కడ కోట చేసిన పనే ఇక్కడ 1886లో వరంగల్ దాకా వచ్చిన నిజాం రైలు చేసింది.

మరి అదే మాట పోలీసులకు, కరెంటుకు, రేడియోకు, అంతరిక్షానికి కూడా ఎలా పట్టింది? రైలు స్టేషన్ ముందు పుట్టి మిగతావన్నీ దాన్ని చూసి వచ్చాయనుకుంటాం. నిజానికి రైలు కంటే ఆ మాట చాలా పాతది. లాటిన్‌లో దాని మూలానికి అర్థం నిలబడటం. కాపలావాడు నిలబడే చోటు, ఉద్యోగిని నియమించిన చోటు స్టేషన్. మన దేశంలో ఇంగ్లీషు దొరలు కాపురమున్న ఊళ్లను కూడా స్టేషన్లనేవారు. ఎండలకు తాళలేక కొండలెక్కి కట్టుకున్నవి హిల్ స్టేషన్లు. అధికారి తన పోస్టింగ్ ఉన్న ఊరు దాటితే ‘అవుటాఫ్ స్టేషన్’. ఈనాటికీ హనుమకొండ ఆఫీసుల్లో ‘సారు అవుటాఫ్ స్టేషన్’ అంటే సారు ఊళ్లో లేరనే. అందులో రైలు ప్రసక్తే లేదు.

ఒక చోట మనిషినో యంత్రాన్నో నిలిపి, చుట్టుపక్కల ప్రాంతం కోసం ఏదో ఒక పని అప్పగిస్తే ఆ చోటు స్టేషన్ అవుతుంది. ఫైర్ స్టేషన్ అంతే, పోలింగ్ స్టేషన్ అంతే. ఊరి బయట ముళ్లకంచె మధ్య ట్రాన్స్‌ఫార్మర్లు నిలబెట్టిన సబ్‌స్టేషన్ 33 కేవీ కరెంటును 11 కేవీకి తగ్గించి చుట్టూ ఉన్న పల్లెలకు పంపుతుంది. మోటరు ఆగిన రైతు ‘స్టేషన్ల లైన్ ఇచ్చిండ్రా?’ అని అడిగేది దాని గురించే. రైలు లేని ఆ ములుగు ఘన్‌పూర్ మండలంలోనే చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, ఇంగ్లీషులో అదీ పవర్ స్టేషనే.

ఇన్ని అర్థాలున్నా మాట్లాడేటప్పుడు మనం తికమకపడం. పక్కనున్న క్రియే దారి చూపిస్తుంది. ‘స్టేషన్ల దింపిండు’ అంటే రైలు. ‘స్టేషన్ల కూసోబెట్టిండ్రు’ అంటే పోలీసులు. స్టేషన్ మాస్టర్ రైలు మనిషి, స్టేషన్ రైటర్ పోలీసు మనిషి. ‘స్టేషన్ల చుట్టూ తిరుగుతున్నడు’ అని బహువచనం పడిందంటే ఏదో కేసున్నట్టే, రైళ్ల కోసం ఎవరూ అలా తిరగరు. ఆటో ఆపి ‘అన్నా, టేషన్‌కొస్తవా?’ అంటే డ్రైవరు ఏ స్టేషనని అడగడు. అదే ఒక తల్లికి ఫోన్ చేసి ‘మీవోడు టేషన్ల ఉన్నడు’ అని ఊరుకుంటే ఆమె గుండె ఆగినంత పనవుతుంది. అలాంటప్పుడు ‘రైలు టేషన్’ అని ముందే చెప్పాలి. బస్సుల విషయంలో ఈ చిక్కు లేదు. బోర్డు మీద బస్ స్టేషన్ అని ఉన్నా మనకది బస్టాండే.

తెలంగాణలో పోలీసు స్టేషన్‌కు ఇంకో పేరుంది, ఠాణా. ఉర్దూ మాట అనుకుంటాం. కానీ అది సంస్కృత ‘స్థానం’ నుంచి ప్రాకృతాల మీదుగా వచ్చింది. ఆ ‘స్థా’ ధాతువుకూ లాటిన్ మూలానికీ పుట్టిల్లు ఒకటేనని భాషా శాస్త్రవేత్తలు తేల్చారు. నోటుబుక్కులమ్మే స్టేషనరీ దుకాణం కూడా ఈ కుటుంబంలోదే. మధ్యయుగపు యూరప్‌లో ఊరూరా తిరిగి అమ్మేవారి నుంచి వేరు చేయడానికి, విశ్వవిద్యాలయాల దగ్గర ఒకచోట కుదురుగా ఉండి పుస్తకాలమ్మేవారికి ఆ పేరు పెట్టారు.

పోలీసు స్టేషన్ దగ్గర మాత్రం ఈ మాట అర్థం తెలియడం అవసరం. చట్టంలో పోలీసు స్టేషన్ అంటే భవనం ఒక్కటే కాదు. ప్రభుత్వం ప్రకటించిన చోటుతో పాటు దానికి కేటాయించిన ప్రాంతం కూడా అందులో భాగమని 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నిర్వచించింది. ‘ఇది మా స్టేషన్ కిందికి రాదు’ అనే మాటలో స్టేషన్‌కు అర్థం ఆ ప్రాంతమే. ఆ మాట విని ఫిర్యాదు చేతిలోనే పట్టుకుని వెనుదిరిగే వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, తెలుసుకోవలసింది ఒకటుంది. ఆ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, కేసు నమోదు చేయదగిన నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషన్‌లోనైనా నోటిమాటగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. పరిధి ఎవరిదో చూసి అక్కడికి పంపడం పోలీసుల పని. మీరు తిరగక్కర్లేదు, రాసుకోమని అడగండి.