చందుర్తి సిపాయిలు: ఒక ధనుర్మాసపు రంగుల పని

చదరంగపు బల్లమీద బంటుకు ముఖం లేదు. రాజుకు కిరీటమున్నది, ఏనుగుకు తొండమున్నది, గుఱ్ఱానికి జూలున్నది; బంటుకు మాత్రం ఒక గుండ్రని తల, దానిక్రింద ఒక పీఠం. ఎనిమిదిమందిలో ఒకనిని ఇంకొకని చోట నిలిపినా ఆటకు వచ్చే లోటేమీ లేదు. చతురంగబలాలను అరువదినాలుగు గళ్ళలో ఇమిడ్చిన మన పూర్వుల ప్రతిభ సామాన్యమైనది కాదు. కాని అట్లా ఇమిడ్చుటలో తొలుత పోయినది సామాన్య భటుని ముఖమే.

ఆ ముఖాన్ని తిరిగి తెచ్చినవారు ఐరోపావారు. పర్షియా, అరబ్బు దేశాలమీదుగా తమకు చేరిన చదరంగాన్ని వారు చాలాకాలం ఉన్నదున్నట్లే ఆడుకొన్నారు. 1780లో హెల్‌విగ్ అనే జర్మను పండితుడు గళ్ళ సంఖ్యను ఎంతో పెంచి, కొండకొక రంగు, నీటికొక రంగు వేసి కొత్త యుద్ధక్రీడను కల్పించినాడు. 1824లో రైస్విట్జ్ అనే యువ సేనాధికారి గళ్ళను తొలగించి దేశపటం మీదనే ఆ ఆటను నడిపించగా, ప్రష్యా సైన్యం దానిని తన అధికారుల శిక్షణకు స్వీకరించినది. శాస్త్రకల్పనా కథలకు పేరుగన్న హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం ప్రకటించి, తగరపు సిపాయిలతో ఇంటి నేలమీద యుద్ధం సాగించే పద్ధతిని పెద్దలకూ పిల్లలకూ నేర్పినాడు. నిజమైన యుద్ధంకంటె ఈ చిన్న యుద్ధం ఎంత మేలో అందులో ఆయన వాదించినాడు. మరుసటి ఏడే ఐరోపా తగలబడినది! నేడు ప్రపంచంలో అనేక దేశాలలో ఈ ఆటకు అభిమానులున్నారు. వీరిలో ఆటకంటె బొమ్మకు రంగువేయుటయే ప్రధానమనుకొనేవారు తక్కువమంది కారు. అంగుళమో రెండంగుళాలో ఎత్తుండే సిపాయి కోటుకు గుండీలు దిద్దుతూ రాత్రులు గడిపేవారిని చూచి నవ్వదగదని నాకు గత ధనుర్మాసంలో తెలిసినది.

మా పాలకొల్లులో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నవి. మా పాఠశాలలో పిల్లలు ఈసారి తామొక కొలువు పెట్టదలచి, అందులో ఒక మెట్టుమీద యుద్ధరంగం ఉండవలెనని పట్టుపట్టినారు. ఏ యుద్ధం? కురుక్షేత్రమని కొందరు, పలనాడని కొందరు. గోదావరి మండలపు యుద్ధమే కావలెనని నేనన్నాను. 1758 డిసెంబరులో పిఠాపురం ప్రాంతాన చందుర్తివద్ద జరిగిన యుద్ధాన్ని పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఒక్క వాక్యంలో ముగిస్తవి: ఆంగ్లేయులు ఫ్రెంచివారిని ఓడించినారు. ఆ వాక్యం పిల్లలందరికీ కంఠస్థమే. దానిని బొమ్మలలోకి దింపవలసి వచ్చినప్పుడు గాని అందులో ఎంతమంది తప్పిపోయినారో తెలియలేదు.

కథ క్లుప్తంగా ఇది. 1753లో నిజాము సలాబత్‌జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించినాడు. 1757 జనవరిలో బొబ్బిలి కోట కూలినది; ఆ వెంటనే విజయనగర ప్రభువు విజయరామరాజు తాండ్ర పాపారాయుని చేతిలో మరణించినాడు. ఆయన తరువాత గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజు ఫ్రెంచివారితో పొసగక ఆంగ్లేయులను పిలిచినాడు. క్లైవు వంగదేశంనుంచి కర్నల్ ఫోర్డును ఓడలమీద విశాఖపట్టణానికి పంపినాడు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఆయనను ఎదుర్కొన వచ్చినాడు.

ఇక లెక్క. ఆ కాలంలోనే మదరాసు కంపెనీ కొలువులో ఉండిన రాబర్టు ఓర్మ్ ఈ యుద్ధాన్ని వివరంగా వ్రాసినాడు. ఫోర్డు వెంట ఐరోపా సైనికులు సుమారు 500 మంది, సిపాయిలు సుమారు 2,000 మంది. ఆనందరాజు బలం 5,000 కాల్బలం, 500 గుఱ్ఱాలు. అవతలివైపు ఫ్రెంచివారు 500 మంది, వారి సిపాయిలు 6,000, గుఱ్ఱపు రౌతులు 500. నూరుగురికొక బొమ్మ చొప్పున వేయుదమని నిర్ణయించినాము. తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె నల్లబల్లమీద కూడినది: 5, 20, 50, 5, 5, 60, 5, మొత్తం 150. వీటిలో ఆంగ్లేయులు అయిదు, ఫ్రెంచివారు అయిదు. ఆ అమ్మాయి సుద్దముక్క చేతబట్టుకొని కొంతసేపు అట్లే నిలిచినది.

“మేస్టారండీ, నూటయాభైలో తెల్లోళ్ళు పదిమందేనాండీ?”

“పదిమందే నమ్మా.”

“మరి ఇంగ్లీషోళ్ళు ఫ్రెంచోళ్ళని ఓడించారని ఉందేంటండీ?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట మాని, మట్టి తెప్పించినాను.

కాలువగట్టు ఒండ్రుమట్టిని వడగట్టి, పిసికి, రెండంగుళాల అచ్చులలో ఒత్తినాము. నీడన ఆరబెట్టి, ఊరి కుమ్మరి ఆవంలో కాల్పించినాము. తుపాకులకూ ఈటెలకూ కొబ్బరి ఈనెలు. రంగులు కలుపుకొనుటకు కొబ్బరిచిప్పలు. ఈ సీమలో వాటికి కొదువ లేదు గదా! కొండపల్లి పనివారు తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అవయవాలు అతికి, సున్నపుపూత వేసిన పిమ్మటనే రంగు ముట్టుకొంటారు. మేమూ ఆ క్రమాన్నే పాటించి, సుద్దలో తుమ్మజిగురు కలిపి తొలిపూత వేసినాము. జిగురు తక్కువైతే సుద్ద రాలుతుంది. ఎక్కువైతే రంగు నిలువక జారుతుంది. పైగా పుష్యమాసపు మంచు! ఉదయం వేసిన పూత మధ్యాహ్నానికి గాని ఆరేది కాదు.

రంగుపనిలో ఒక రహస్యమున్నది. ఒక్కొక్క బొమ్మను మొదలునుంచి చివరవరకు పూర్తిచేయబోతే నెలకు పది తేలవు. ఒకనాడు అందరి ముఖాలూ, ఒకనాడు అందరి కోట్లూ, ఒకనాడు అందరి తలపాగలూ వేయవలెను. మడతలలోనికి దిగే పలుచని రంగు ముందు, ఉబ్బెత్తులమీద నిలిచే చిక్కని రంగు తరువాత. ఎదురురొమ్ముమీద అడ్డంగా దాటుకొనే తెల్లని పట్టీలు అన్నిటికంటె చివర. వాటిమీద చేయి తగిలితే పనియంతా మాసిపోతుంది. కన్ను పెట్టుటకు కుంచె కూడ పనికిరాదు, ఈనె కొస చాలును. నువ్వుగింజలో సగమంత నల్లచుక్క పడగానే, అంతవరకు మట్టిబెడ్డగా ఉన్నది మనవంక చూస్తుంది. పిల్లలు ఈ పనికి పోటీపడేవారు.

ఫోర్డు సిపాయిల వంతు వచ్చినప్పుడు ఎఱుపు సీసా తీసినాము. క్లైవు 1757లో వంగదేశంలో సిపాయి పటాలాలను కూర్చినప్పుడు వారికి ఐరోపీయులవలె ఎఱ్ఱకోట్లు తొడిగించినాడు. మొదటి పటాలానికి ‘లాల్ పల్టన్’ అనే పేరు అందువలననే వచ్చినది. ఆ తొలినాళ్ళ సిపాయి చిత్రాలలో పైన ఎఱ్ఱకోటు, తలకు పాగా, క్రింద తొడలవరకే వచ్చే జాంగియా, ఒట్టికాళ్ళు కనిపిస్తవి. కావున ఆంగ్లభటునికీ సిపాయికీ నడుము పైభాగాన ఒకే సీసా, ఒకే కుంచె. ఇరువురినీ వేరుచేసేవి ముఖచ్ఛాయ, పాగా, పిక్కలు. ఇరవైమంది సిపాయిలనూ అయిదుగురు ఆంగ్లేయులనూ బల్లమీద వరుసగా నిలిపి, నాలుగడుగులు వెనుకకు జరిగి చూచినాము. ఎఱుపు తప్ప మరేమీ కనబడలేదు.

ఈ ఎఱుపును గురించి ఒక్కమాట. ఆ దినాలలో ఆంగ్ల సామాన్యభటుని కోటుకు మన మంజిష్ఠకు దాయాదియైన ఒక మొక్క వేరు రంగునిచ్చేది. అధికారి కోటుకు అమెరికానుంచి వచ్చే కొచినీలు పురుగు మరింత మేలైన ఎఱుపునిచ్చేది. మన తీరంలో కలంకారీకి ఎఱుపునిచ్చినది చిరివేరు. రంగుబట్టల కొరకే ఓడలు ఈ తీరానికి వచ్చినవి. డచ్చివారు 17వ శతాబ్దంలో మా పాలకొల్లులోనే వర్తకస్థానం పెట్టి బట్టలు కొన్నారు. ఇక్కడికి కూతవేటు దూరాన నరసాపురంవద్దనున్న మాధవాయపాలెం పేరు ‘మడపొల్లం’ అనే నూలుబట్టకు పేరై ఆంగ్ల నిఘంటువులకెక్కినది. బట్ట కొనవచ్చినవారు కోటు తొడిగించి యుద్ధానికి పంపుట ఎట్లు జరిగినదో చరిత్ర ఉపాధ్యాయులు ఒక గంటసేపు చెప్పవచ్చును.

చందుర్తి యుద్ధాన్ని నిర్ణయించినది ఆ కోటే. ఫోర్డు తన ఐరోపా పటాలాన్ని నడుమ, సిపాయిలను ఇరుపక్కల నిలిపినాడు. నడుమనున్న పటాలం ముందు నిలువెత్తు పెరిగిన పైరుచేను అడ్డమైనది. శత్రువునకు వారు కనబడలేదు. సిపాయిల జెండాలను చుట్టి నేలమీద పడవేయుమని ఫోర్డు ఆజ్ఞాపించినాడు. కాన్‌ఫ్లాన్స్ చూచినాడు: ఎదుట ఎఱ్ఱకోట్లు. దక్షిణదేశపు యుద్ధాలలో సిపాయిలను దేశీయ వేషాలలో చూచుట అలవాటైన ఫ్రెంచివారు, వీరే ఐరోపా పటాలమనుకొని తమ మేలుబలాన్నంతా ఎడమపక్కనున్న సిపాయిలమీదకు నడిపినారు. సిపాయిలు చెదరి వెనుకకు తగ్గినారు. గెలిచితిమన్న ఉత్సాహంతో ఫ్రెంచివారు బారులు తప్పి తరుముకొని పోయినారు. అప్పుడు పైరుచాటునుంచి అసలు పటాలం బయటపడి వారి పక్కభాగాన తుపాకులు పేల్చినది. అంతే. ఫిరంగులు పోయినవి, పాళెం పోయినది, రాజమహేంద్రవరం పోయినది. 1759 ఏప్రిలులో బందరు కోట కూడ పోయినది. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రభుత్వం అంతటితో ముగిసినది.

పైరుచేనుకు మా పిల్లలు దర్భపుల్లలు కత్తిరించి గుచ్చినారు. దాని వెనుక అయిదు ఎఱ్ఱబొమ్మలు దాగినవి. ముందున్న ఇరవై ఎఱ్ఱబొమ్మలు ఎర.

“ఆళ్ళని కావాలనే ముందెట్టాడాండీ?” అని ఒక కుఱ్ఱవాడు అడిగినాడు. జెండాలు దింపించిన సంగతి చెప్పినాను. వాడు తానే రంగువేసిన సిపాయిని ఒకనిని తీసి, కాసేపు అరచేత పట్టుకొని, మరల అదే చోట నిలిపినాడు.

అందరికంటె అందంగా వచ్చినవి ఆనందరాజు బంట్లు. ఈటెలూ విల్లమ్ములూ పట్టుకొని వచ్చిన ఆ అయిదువేలమందికి ఏకరూపమైన వేషం లేదు. అందుచేత పిల్లలకు స్వేచ్ఛ చిక్కినది. ఒకనికి పచ్చపాగా, ఒకనికి నీలపు ఉత్తరీయం, ఒకనికి తెల్లని మీసం. ఒక విలుకానికి కాలి కడియం కూడ వేసినారు. తీరా చూడగా, ఓర్మ్ వ్రాతను బట్టి, యుద్ధసమయంలో ఆ సేనయంతా ఎండిన చెఱువు లోతట్టున ఒదిగి కూర్చున్నది! ఆ వాక్యంలో దొర ఎత్తిపొడుపు ఉన్నది. ముప్పదికి పైగా ఫిరంగులు పేలుతుండగా విల్లమ్ముల మనుష్యుడు చెఱువుగర్భంలో దాగుట అవివేకమని నేననుకోను. పిల్లలు మాత్రం నొచ్చుకొన్నారు. తాంబాళంలో మట్టిపోసి చెఱువు చేసి, యాభై అయిదు బొమ్మలనూ అందులో కూర్చినారు. కొలువు చూడవచ్చినవారందరూ మొదట ఆ తాంబాళం దగ్గరనే ఆగినారు.

మిగిలినవి ఫ్రెంచివారి సిపాయిలు అరువది. వీరి వేషానికి మాకు వివరమైన ఆధారం దొరకలేదు గనుక తెల్లని పంచె, తెల్లని పాగా వేసినాము. ఆ కాలపు ఫ్రెంచి రాజసైన్యపు పదాతి కోటు రంగూ తెలుపే. అయిదుగురు ఫ్రెంచివారికి దానిని తొడిగించినాము. అరువదిమందికి ఒకే తెలుపు వేయుట విసుగు పుట్టించే పని. నాలుగవనాటికి పిల్లలు సగంమంది తగ్గినారు. మిగిలినవారు ఒక ఉపాయం పన్నినారు; తాము రంగువేసిన ప్రతి సిపాయికీ ఒక పేరు పెట్టినారు. సుబ్బన్న, వీరన్న, మస్తాను, పోలయ్య. ఈ పేర్లకు చరిత్రలో ఆధారమేమని ఎవరైనా అడుగవచ్చును. ఏమీ లేదు. అయినా ప్రతి పీఠం అడుగున ఆ పేర్లను పెన్సిలుతో వ్రాయనిచ్చినాను.

భోగినాడు కొలువు తీర్చినాము. వీధిలోని పెద్దలు, పిల్లల తల్లులు వచ్చినారు. ఒక ముసలమ్మగారు కళ్ళజోడు సవరించుకొని రెండు పక్షాలనూ పరికించి, “ఇందులో మనవాళ్ళెవరు నాయనా?” అని అడిగినది. ఎఱ్ఱకోటు సిపాయిలు ఓడలమీద వచ్చిన ఉత్తరాదివారు. చెఱువులోనివారు విజయనగరం సీమవారు. ఎదుట అరువదిమంది తెల్లపంచెలు. అప్పటికే ప్రశ్నలు మానుకొన్న మా లెక్కల బాలిక ముందుకు వచ్చి, పదిబొమ్మలను వేలితో చూపి, “ఈ పదీ తప్ప అందరూనండి, మామ్మగారూ” అన్నది.

ముసలమ్మగారు మరొక్కసారి చూచినది. “మరి ఎవరు గెలిచారే?”

ఆ పిల్ల పైరుచేను వెనుకనున్న అయిదింటినీ చూపినది.

కనుమ మరునాడు బొమ్మలను వరిగడ్డిలో సర్ది పెట్టెల కెత్తినాము. పదకొండు విరిగినవి, అన్నియు ఈనె తుపాకుల దగ్గరనే. ఈ ఏటి ధనుర్మాసానికి బొబ్బిలి కావలెనని పిల్లలు అప్పుడే అడుగుచున్నారు. కోటగోడకు ఎన్ని తట్టల మట్టి పట్టునో లెక్క వేసినారు. బుస్సీ ఫిరంగులకు వెదురు గొట్టాలు కోసి ఉంచినారు. కోటలోపలి ఆడవారికీ పసిబిడ్డలకూ బొమ్మలు చేయవలెనా అన్నది ఇంకా తేలలేదు. చేయవలెననే వారిలో ఆ లెక్కల బాలిక ఉన్నది. నూరుగురికొక బొమ్మ అనే లెక్క అక్కడ కుదరదనీ, వారికి మనిషికొక బొమ్మ ఉండవలెననీ ఆమె అంటున్నది.