స్టీవెన్సన్ సమోవా నివాసం

స్కాట్లండుకు చెందిన సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ (1850 నవంబరు 13 - 1894 డిసెంబరు 3) అనారోగ్యం కారణంగా శీతల దేశాలను విడిచి, 39 ఏళ్ళ వయసులో పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవులకు చేరుకున్నాడు. ఆ తరువాత మరణించే వరకు అక్కడే స్థిరపడ్డాడు. ఇతడి జీవితంలోని ఈ చివరి ఐదేళ్ళు సాహిత్య చరిత్రలోనే గాక, వైద్య చరిత్రలో కూడా తరచుగా ప్రస్తావనకు వస్తాయి. వెచ్చని గాలి రోగిని బాగుచేస్తుందని 19వ శతాబ్దపు యూరపు వైద్యులు గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో స్టీవెన్సన్ ఉదంతం ద్వారా కొంతవరకు పరిశీలించవచ్చు.

నేపథ్యం

స్టీవెన్సన్ ఎడింబరో నగరంలో జన్మించాడు. తండ్రి థామస్ స్టీవెన్సన్ దీపస్తంభాలు నిర్మించే ఇంజనీరు. తల్లి మార్గరెట్ కూడా ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడిన మనిషే. ఎడింబరోలో జనవరి నెల సగటు ఉష్ణోగ్రత 4 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. వేసవిలో కూడా 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. సముద్రపు తేమ, ఈదురుగాలి, ఆనాటి ఇళ్ళలో మండే బొగ్గు పొగ కలిసి ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి ఆ నగర వాసం కష్టతరంగా ఉండేది. బాల్యంలో చాలా శీతాకాలాలు ఇతడు మంచంపైనే గడిపాడు.

1873లో వైద్యులు ఇతడిని ఫ్రాన్సు దక్షిణ తీరంలోని మాంతోఁ పట్టణానికి పంపారు. అక్కడి అనుభవం గురించి ఇతడు 1874లో ఒక వ్యాసం వ్రాశాడు. అక్కడితో మొదలైన తిరుగుడు పదిహేనేళ్ళు సాగింది. 1880లో కాలిఫోర్నియాలో ఫానీ ఆస్‌బోర్న్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె ఇతడి కంటే పదేళ్ళు పెద్దది. మొదటి వివాహం వలన ఆమెకు పిల్లలు ఉన్నారు. వివాహానంతరం రెండు శీతాకాలాలు స్విట్జర్లాండులోని దావోస్‌లోను, తరువాత కొంతకాలం ఫ్రాన్సులోని హియెర్‌లోను, 1884 నుండి 1887 వరకు ఇంగ్లండు దక్షిణ తీరంలోని బోర్న్‌మత్‌లోను గడిపారు. దావోస్ మంచు కొండల మధ్య ఉంటుంది, హియెర్ మధ్యధరా తీరంలో ఉంటుంది. ఒకే జబ్బుకు ఒకసారి చలి ప్రదేశాన్ని, మరొకసారి ఎండ ప్రదేశాన్ని సూచించారంటే ఆనాటి వైద్యశాస్త్రం ఎంత అయోమయంలో ఉన్నదో ఊహించవచ్చు. బోర్న్‌మత్‌లో ఉన్న కాలంలో నోటి వెంట రక్తం పడటం వలన ఇతడు తరచు మంచం పట్టేవాడు. ఆ స్థితిలోనే 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్' వంటి రచనలు చేశాడు.

ప్రయాణం

1887లో తండ్రి మరణించాడు. బ్రిటనులో నిలిపి ఉంచిన ప్రధాన బంధం అలా తెగిపోయింది. అదే సంవత్సరం తల్లి, భార్య, సవతి కుమారుడు లాయిడ్‌లతో కలిసి అమెరికా వెళ్ళి, క్షయ వైద్యుడు ఎడ్వర్డ్ ట్రూడో ఉన్న సారనాక్ లేక్ అనే కొండ ప్రాంతంలో ఒక శీతాకాలం గడిపాడు. 1888 జూన్‌లో 'కాస్కో' అనే ఓడను అద్దెకు తీసుకొని శాన్‌ఫ్రాన్సిస్కో నుండి దక్షిణ సముద్రాలకు బయలుదేరాడు. ప్రయాణ విశేషాలను లేఖలుగా వ్రాసి పంపేందుకు ప్రచురణకర్త మెక్‌క్లూర్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు. మార్కెసాస్, తాహితి, హవాయి, గిల్బర్ట్ దీవులు చూసుకుంటూ 1889 డిసెంబరులో సమోవా రేవు పట్టణమైన ఆపియాకు చేరుకున్నాడు.

అప్పటికి అక్కడే ఉండిపోవాలనే నిశ్చయం లేదు. ఆపియాకు సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, కొండవాలున వైలిమా అనే చోట 300 ఎకరాలకు పైగా అడవి నేలను కొన్నాడు గాని, బ్రిటనుకు వెళ్ళి వచ్చే ఆలోచన మనసులో ఉండేది. 1890లో సిడ్నీ వెళ్ళగానే జబ్బు తిరగబెట్టింది. ఓడ ఎక్కి మళ్ళీ వెచ్చని సముద్రాలలోకి రాగానే కోలుకున్నాడు. తిరిగి సిడ్నీ చేరగానే మళ్ళీ మంచం పట్టాడు. దీనితో స్వదేశానికి వెళ్ళే ఆశ వదులుకొని, ఆ సంవత్సరం చివర వైలిమాలో కాపురం పెట్టాడు.

వైలిమా జీవనం

సమోవా భూమధ్యరేఖకు దక్షిణాన 13-14 డిగ్రీల అక్షాంశాల వద్ద ఉంది. ఆపియాలో ఏడాది పొడవునా సగటు ఉష్ణోగ్రత 26-27 డిగ్రీలు ఉంటుంది. నెలకూ నెలకూ తేడా దాదాపు ఉండదు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు వానలు, అప్పుడప్పుడు తుఫానులు వస్తాయి. 1889 మార్చిలో వచ్చిన తుఫానులో ఆపియా రేవులోని జర్మనీ, అమెరికా యుద్ధనౌకలు ధ్వంసమయ్యాయి. ఇది పొడి గాలి గల ప్రదేశం కాదు, మిక్కిలి తేమగల ప్రదేశం. క్షయ రోగికి పొడి గాలి కావాలన్న ఆనాటి సూత్రానికి సమోవా పూర్తిగా విరుద్ధం.

అయినప్పటికీ స్టీవెన్సన్ ఇక్కడ మునుపెన్నడూ లేనంత చురుకుగా ఉన్నాడు. గుర్రపు స్వారీ చేశాడు, అడవి నరికే పనిలో స్వయంగా పాల్గొన్నాడు, వేకువనే లేచి వ్రాసేవాడు. అనారోగ్యం మాయం కాలేదు గాని బోర్న్‌మత్ నాటి మంచం బ్రతుకు మాత్రం తప్పింది. ఇల్లు పెద్దది. కాలిఫోర్నియా నుండి తెప్పించిన రెడ్‌వుడ్ కలపతో హాలు గోడలను తాపడం చేయించాడు. ఏ రోజూ చలి వేయని ఆ దీవిలోని ఇంటికి చలిమంట పొయ్యి కూడా కట్టించాడు. దాని అవసరం ఉన్నది ఎడింబరోలోనే.

ఈ మార్పుకు మూల్యం కూడా ఉంది. ఇంటిల్లిపాది పోషణ, పనివారి జీతాలు, భవన నిర్మాణం, తోటల ఖర్చు అంతా ఇతడి కలం మీదనే నడిచింది. ఫానీ పట్టుదలతో కోకో మొక్కలు వేయించినా తోట నుండి చెప్పుకోదగిన రాబడి రాలేదు. చేతి నొప్పి వలన వ్రాయలేని దశలో సవతి కూతురు ఇసోబెల్ చేత చెప్పి వ్రాయించేవాడు. లండనులోని మిత్రుడు సిడ్నీ కొల్విన్‌కు క్రమం తప్పక ఉత్తరాలు వ్రాసినా, జవాబు రావడానికి నెలలు పట్టేది. తల్లి మార్గరెట్ 1891లో, 62 ఏళ్ళ వయసులో అక్కడకు వచ్చి చేరింది. 1893లో ఫానీ తీవ్రంగా జబ్బుపడింది. రోగి కోసం కుటుంబం మొత్తం తరలినప్పుడు మిగిలినవారికి ఆ చోటు ఎంతవరకు పడింది అన్న ప్రశ్నను జీవిత చరిత్రకారులు చాలాకాలం పట్టించుకోలేదు. ఇది లోపమే.

సమోవా ప్రజలు ఇతడిని 'తుసితాల' (కథకుడు) అని పిలిచేవారు. ఆ కాలంలో జర్మనీ, బ్రిటను, అమెరికా దేశాలు సమోవాపై ఆధిపత్యం కోసం పోటీపడేవి. ఆ జోక్యాన్ని విమర్శిస్తూ 1892లో ఇతడు ఒక గ్రంథం ప్రచురించాడు. మతాఫా అనే నాయకుని పక్షం వహించి అధికారుల ఆగ్రహానికి గురయ్యాడు. 1893 యుద్ధంలో మతాఫా ఓడిపోయి ప్రవాసం పాలయ్యాడు, అతడి అనుచరులు ఆపియా జైలులో బందీలయ్యారు. స్టీవెన్సన్ వారిని చూడబోయి ఆహారం అందించేవాడు. విడుదలైన తరువాత 1894లో ఆ నాయకులు కృతజ్ఞతగా వైలిమాకు తమ చేతులతో దారి వేశారు. వాతావరణం కోసం వచ్చినవాడు ఆ ఊరి మనిషి అయ్యాడనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

వాతావరణమే కారణమా?

క్షయకు సూక్ష్మజీవి కారణమని రాబర్ట్ కాఖ్ 1882లోనే ప్రకటించాడు. కాని దానిని చంపే మందులు 1940లలో గాని రాలేదు. అంతవరకు గాలి, విశ్రాంతి, ఆహారమే ప్రధాన మార్గాలు. మన ప్రాంతంలో చిత్తూరు జిల్లా మదనపల్లె వద్ద (ప్రస్తుతం అన్నమయ్య జిల్లా) 1912లో స్థాపించిన ఆరోగ్యవరం శానటోరియం ఈ భావన నుండి పుట్టినదే. యూరపు రోగులు వెచ్చదనం కోసం దక్షిణానికి పోతే, మన రోగులు చల్లదనం కోసం ఎత్తైన మదనపల్లెకు వెళ్ళేవారు. మద్రాసులో 1956లో మొదలుపెట్టి 1959లో ఫలితాలు వెల్లడించిన పరిశోధనలో, సక్రమంగా మందులు వాడితే ఇరుకు ఇళ్ళలో ఉన్న పేద రోగులు కూడా శానటోరియంలో ఉన్నవారితో దాదాపు సమానంగా కోలుకుంటారని తేలింది. దీనితో క్షయ చికిత్సలో గాలిమార్పు ప్రాధాన్యం తగ్గిపోయింది.

మరి స్టీవెన్సన్ కోలుకోవడానికి కారణమేమిటి? ఇతడికి ఉన్నది క్షయేనా అన్నదే సందేహం. శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పయ్యే వ్యాధి అని కొందరు భావించారు. రక్తనాళాల గోడలు పలుచబడి చిట్లిపోయే ఒక వంశపారంపర్య వ్యాధి అయి ఉండవచ్చునని 2000లో ఇద్దరు వైద్య పరిశోధకులు సూచించారు. తల్లి అనారోగ్యం, ఊపిరితిత్తుల నుండి రక్తం, చివరకు మెదడులో రక్తస్రావం - మూడింటినీ ఒకే కారణంతో వివరించగలగడం ఈ వాదన బలం. అయితే నిర్ధారణ చేయడానికి ఇప్పుడు ఆధారం లేదు.

చల్లని పొడిగాలి శ్వాసనాళాలను సంకోచింపజేస్తుంది. చలికాలంలో జనం తలుపులు మూసుకొని దగ్గర దగ్గరగా ఉండటం వలన జలుబు, ఫ్లూ తేలికగా వ్యాపిస్తాయి. జనం తక్కువగల దీవిలో, బొగ్గు పొగ లేనిచోట, ఆరుబయట తిరిగేవానికి ఈ రెండు బాధలూ తగ్గుతాయి. అంటే వేడి కంటే పొగ, జనసమ్మర్దం లేకపోవడమే ఎక్కువ మేలు చేసి ఉండవచ్చు. 1893లో హవాయి వెళ్ళినప్పుడు కూడా ఇతడు జబ్బుపడ్డాడు. హవాయి చలి దేశం కాదు గదా!

ఇక వేడికి శరీరం అలవాటు పడటం విషయానికి వస్తే, ఆరోగ్యవంతులకు ఇది సాధారణంగా ఒకటి రెండు వారాలలో జరుగుతుంది. చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం మొదలవుతుంది. చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. రక్తంలోని ద్రవభాగం పెరిగి గుండెపై భారం తగ్గుతుంది. వయసు పెరిగేకొద్దీ చెమట పట్టే శక్తి, దాహం తెలిసే గుణం మందగిస్తాయి.

మరణం, అనంతరం

1894 డిసెంబరు 3 సాయంత్రం భోజన ఏర్పాట్లలో భార్యకు సాయం చేస్తుండగా స్టీవెన్సన్ కుప్పకూలి, ఆ రాత్రే మెదడులో రక్తస్రావం వలన మరణించాడు. వయసు 44 ఏళ్ళు. చిన్ననాటి నుండి భయపెట్టిన ఊపిరితిత్తులు మరణానికి కారణం కాలేదు. 'వెయిర్ ఆఫ్ హెర్మిస్టన్' నవల అసంపూర్తిగా మిగిలింది. దాని కథాస్థలం స్కాట్లండు. సమోవా వాసులు రాత్రికి రాత్రి అడవి నరికి వాయేయా కొండపైకి దారి చేసి, మరునాడు శవపేటికను భుజాలపై మోసుకువెళ్ళి అక్కడ ఖననం చేశారు. 1914లో కాలిఫోర్నియాలో మరణించిన ఫానీ చితాభస్మాన్ని కూడా తరువాతి సంవత్సరం అక్కడికే చేర్చారు.

వైలిమా భవనం ఆ తరువాత జర్మన్ గవర్నరుకు, న్యూజీలాండు పాలకులకు, 1962 స్వాతంత్ర్యానంతరం దేశాధినేతకు నివాసమైంది. 1990, 1991 తుఫానులలో బాగా దెబ్బతినగా పునరుద్ధరించి, 1994లో స్టీవెన్సన్ శతవర్ధంతి సందర్భంగా మ్యూజియంగా తెరిచారు. తెలుగు పాఠకులకు ఇతడు ముఖ్యంగా 'ట్రెజర్ ఐలండ్' రచయితగా సుపరిచితుడు. ఆ నవలను నండూరి రామమోహనరావు 'కాంచన ద్వీపం' పేరుతో తెలుగులోకి అనువదించాడు. అది సమోవాలో వ్రాసినదని కొందరు పొరబడుతుంటారు. నిజానికి 1883లో, ఇతడు దక్షిణ సముద్రాలను కంటితో చూడటానికి ఐదేళ్ళ ముందే అది పుస్తకరూపంలో వెలువడింది.