విదేశీ కూరగాయల దిగుమతి: అడ్వాన్స్ పంపేముందు తేల్చుకోవాల్సిన విషయాలు

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది విదేశాల నుంచి తాజా కూరగాయలు తెప్పించుకోవడం, వాటిని కస్టమ్స్ దగ్గర విడిపించుకోవడం గురించి.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ కోర్సు కావాలన్నా దొరుకుతుందని మీకు తెలుసు. ఇంపోర్ట్-ఎక్స్‌పోర్ట్ నేర్చుకుందామని వచ్చేవాళ్ళూ ఉన్నారు. కాస్త ముందుకెళ్తే పంజాగుట్ట. అక్కడ హోటళ్ళు, రెస్టారెంట్లు, సూపర్ మార్కెట్లు. బ్రకోలి, లెట్యూస్, ఆస్పరాగస్ లాంటివి అడిగేవాళ్ళు కళ్ళముందే కనిపిస్తుంటారు కాబట్టి, కోర్సు పూర్తయిన కుర్రాళ్ళకి మొదట వచ్చే ఆలోచన ఇదే. "సార్, ఐ.ఇ.సి. వచ్చేసింది, ఇక సరుకు తెప్పించేయొచ్చు కదా?" అంటారు.

ఐ.ఇ.సి. అంటే దిగుమతి-ఎగుమతి కోడ్. డి.జి.ఎఫ్.టి. వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి, ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. అది తలుపు తాళం మాత్రమే. లోపల ఇంకా నాలుగు గదులు ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు దాచుకున్న పది లక్షలు పెట్టేముందు ఆ నాలుగూ చూడాలి.

ఎందుకంటే కూరగాయ ఆగదండీ. ఇనుము పోర్టులో నెల రోజులు పడున్నా ఇనుమే. లెట్యూస్ వారం ఆగిందంటే చెత్తబుట్టకే. వేరే సరుకులో కాగితం తక్కువైతే తర్వాత తెచ్చి ఇవ్వొచ్చు, కాస్త అద్దె పడుతుంది, అంతే. కూరగాయల్లో మాత్రం కాగితం వచ్చేలోపు సరుకు పోతుంది. అందుకే ప్రతి కాగితం సరుకు బయల్దేరకముందే సిద్ధంగా ఉండాలి. ఈ వీడియో మొత్తానికి అసలు మాట ఇదే.

మొదటిది: ఆ కూరగాయ ఆ దేశం నుంచి రావచ్చా?

చాలామంది పన్ను ఎంత అని మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది పురుగు దగ్గర. మన దేశంలోకి కొత్త పురుగులు, తెగుళ్ళు రాకుండా 1914 నాటి చట్టం ఒకటి ఉంది. దాని కింద 2003లో ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు వచ్చింది. అందులో షెడ్యూళ్ళు ఉంటాయి. ఏ పంట, ఏ దేశం నుంచి, ఏ షరతుల మీద రావచ్చో అక్కడ రాసుంటుంది. ఒక దేశం నుంచి వస్తున్న కూరగాయ పక్క దేశం నుంచి రాకూడదు అని ఉండొచ్చు. మీ పంట, మీ దేశం జోడీ ఆ జాబితాలో లేకపోతే ముందు పురుగుల ముప్పు మీద అధ్యయనం జరగాలి. అది మీ మొదటి కన్‌సైన్‌మెంట్ కోసం ఆగే పని కాదు. వేరే దేశం చూసుకోవడం మేలు.

ఉదాహరణకి చైనా వెల్లుల్లి. అందులో ఫంగస్ భయం వల్ల 2014 నుంచి మన దేశంలోకి రానివ్వడం లేదు. "చవగ్గా ఇస్తున్నాడు సార్" అని ఎవరైనా ఫొటో పంపితే, ఆ చవక మీకు పనికిరాదు.

జాబితాలో ఉందనుకోండి. అప్పుడు రెండు కాగితాలు. ఒకటి, మన దగ్గర తీసుకునే ఇంపోర్ట్ పర్మిట్. ఏ షెడ్యూల్ కింద వస్తుందో చూస్తే అది కావాలా వద్దా తెలుస్తుంది. రెండోది, అమ్మేవాడి దేశంలోని ప్రభుత్వ శాఖ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్. కొన్ని పంటలకి 'ఫలానా పురుగు లేదు' అని అందులో ప్రత్యేకంగా రాయించాలి. ఆ వాక్యం మన షెడ్యూల్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. అందుకని సరుకు ఎక్కించకముందే డ్రాఫ్ట్ కాపీ తెప్పించుకుని, మాటకి మాట సరిచూడండి. ఇక్కడ తనిఖీలో బతికున్న పురుగు కనబడితే మందు పొగ పెట్టిస్తారు. దాంతో కుదరకపోతే వెనక్కి పంపడమో, నాశనం చెయ్యడమో. ఖర్చు మాత్రం మీదే.

రెండోది: తినే వస్తువు కాబట్టి ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ.

దిగుమతిదారుకి ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. కేంద్ర లైసెన్స్ ఉండాలి. ఇక్కడ చాలామంది మర్చిపోయేది ఇంకోటి ఉంది. 2021 మార్చి 1 నుంచి 24 పంటలకి 'ఇది జన్యుమార్పిడి పంట కాదు' అని ఎగుమతి చేసే దేశం నుంచి సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఆ 24లో టమాటా, బంగాళాదుంప, వంకాయ, క్యాప్సికమ్ ఉన్నాయి. పంజాగుట్ట హోటల్ కోసం రంగురంగుల క్యాప్సికమ్ తెప్పించాలనుకునేవాళ్ళు ఇది రాసిపెట్టుకోండి.

మూడోది: లెక్క

ఇప్పుడు పన్ను. చాలా తాజా కూరగాయల మీద మూల కస్టమ్స్ సుంకం 30 శాతం. ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి. వెల్లుల్లికి సుంకం 100 శాతం. తాజా కూరగాయలకి జి.ఎస్.టి. లేదు. రేట్లు మారుతుంటాయి, కాబట్టి మీ సరుకు ఎనిమిది అంకెల కోడ్ పట్టుకుని ఆ రోజు రేటు చూసుకోండి.

ఒక లెక్క వేద్దాం. సరుకు ధర, బీమా, రవాణా కలిపి 5 లక్షలు అనుకుందాం. సుంకం 1,50,000. సర్‌చార్జి 15,000. మొత్తం 6,65,000. సరుకు 2,000 కిలోలైతే కిలో 332 రూపాయల 50 పైసలు పడింది. "పర్వాలేదు, 400కి అమ్మేస్తా" అనుకుంటారు. కానీ క్లియరెన్స్ ఆలస్యమై ఐదోవంతు పాడైందనుకోండి. చేతికొచ్చేది 1,600 కిలోలు. కిలో దాదాపు 416 పడింది. 400కి అమ్మితే ప్రతి కిలోకీ నష్టమే. బ్రోకర్ ఫీజు, పోర్టు చార్జీలు, లారీ కిరాయి ఇందులో ఇంకా వెయ్యనేలేదు. చూశారా, 33 శాతం పన్ను కట్టి కూడా లాభం ఉండేది. దాన్ని తినేసింది ఆలస్యం.

నాలుగోది: బిల్ ఆఫ్ ఎంట్రీ, రోజులు

కస్టమ్స్‌కి మీరిచ్చే ముఖ్యమైన పత్రం బిల్ ఆఫ్ ఎంట్రీ. ఐస్‌గేట్ ద్వారా ఆన్‌లైన్‌లో వేస్తారు. సరుకు రావడానికి 30 రోజుల ముందు నుంచే వెయ్యొచ్చు. ఓడలో వచ్చే సరుకుకి మామూలుగా ఓడ వచ్చే ముందు రోజుకల్లా పడాలి. లేటైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000 రూపాయలు. క్వారంటైన్, ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. రెండూ ఓకే అంటేనే సరుకు బయటికొస్తుంది. మామూలు సరుకు 30 రోజుల్లో విడిపించకపోతే అమ్మేసే అధికారం చట్టం ఇస్తుంది. పాడైపోయే సరుకుకి ఆ 30 రోజులు కూడా లేవు, అధికారి అనుమతితో ఎప్పుడైనా అమ్మెయ్యొచ్చు.

మరి ఎక్కడ దించాలి? ఒకప్పుడు విమానాశ్రయం బేగంపేటలో, అమీర్‌పేటకి కూతవేటు దూరంలో ఉండేది. 2008 మార్చి నుంచి శంషాబాద్. లెట్యూస్ లాంటి నాజూకు సరుకుకి విమానమే దారి. పక్కనే సనత్‌నగర్‌లో కాంకర్ కంటైనర్ డిపో ఉంది కదా అంటారు. ఉంది, కానీ ఓడ దిగి, రైలెక్కి అక్కడిదాకా వచ్చే రోజులు మీ కూరగాయ తట్టుకుంటుందా అని చూసుకోవాలి. రీఫర్ కంటైనర్ అయితే పోర్టులోనే విడిపించి చల్లని లారీలో తెచ్చుకోవడం గురించి బ్రోకర్‌ని అడగండి. ఏదైనా సరే, ఆ చోటు ఆ పంటకి క్వారంటైన్ అనుమతించిన ప్రవేశ కేంద్రమేనా అన్నది ముందు తెలుసుకోండి.

ధర చూసి పరిగెత్తొద్దు

"ఇక్కడ రేటు మండిపోతోంది, ఇప్పుడే తెప్పిస్తే డబ్బులే డబ్బులు" అనుకోవడం ఇంకో ప్రమాదం. 2019 చివర్లో ఉల్లి కిలో వంద దాటింది. కేంద్రం ఎం.ఎం.టి.సి. ద్వారా ఈజిప్టు, టర్కీల నుంచి తెప్పించింది. మందు పొగ పెట్టే నిబంధనలు కూడా సడలించింది. 2020 జనవరి నాటికి 18 వేల టన్నులు దిగితే, రాష్ట్రాలు తీసుకున్నది 2 వేల టన్నులేనని అప్పటి మంత్రి రామ్ విలాస్ పాశ్వాన్ చెప్పారు. అప్పటికి కొత్త పంట వచ్చేసింది, ఆ ఉల్లి రుచి మనవాళ్ళకి నచ్చలేదు.

2023లో టమాటా కూడా అంతే. జులైలో మదనపల్లెలో రికార్డు ధర. ఆగస్టు 10న నేపాల్ టమాటా గురించి నిర్మలా సీతారామన్ పార్లమెంటులో చెప్పారు. సెప్టెంబరుకి ధర పడిపోయి మన రైతులే పంట పారబోశారు. ప్రభుత్వం ఆ నష్టం తట్టుకుంటుంది. మీరూ నేనూ తట్టుకోలేం. అందుకే ఇక్కడ ఏడాది పొడవునా తక్కువగా పండేది, కొనేవాడు ముందే మాట ఇచ్చినది మాత్రమే చూడండి.

చివరిగా బ్రోకర్. లైసెన్స్ నంబరు అడిగి తీసుకోండి. "నేను చూసుకుంటాలే" అన్న మాటతో సరిపెట్టుకోకుండా, పాడైపోయే సరుకు ఇంతకుముందు విడిపించాడో లేదో కనుక్కోండి. అమ్మేవాడితో ఒప్పందంలో సర్టిఫికెట్ తప్పు వల్ల సరుకు ఆగితే నష్టం ఎవరిదో రాయించండి. మొత్తం డబ్బు ముందే పంపకండి. మొదటిసారి చిన్న లాట్ తెప్పించి, ఎన్ని గంటలకి చేతికొచ్చిందో రాసుకోండి. మీ వ్యాపారం నిలబడుతుందో లేదో ఆ గంటలే చెప్తాయి.

మీ సరుకు పేరు, దేశం పేరు ఒక కాగితం మీద రాసి, ఈ రోజే షెడ్యూల్‌లో వెతకండి. అక్కడ లేకపోతే అడ్వాన్స్ మీ జేబులోనే ఉంటుంది.