అశ్వారావుపేట అటవీ సరిహద్దులో స్థానిక ఆహార, పానీయ ఉత్పత్తులు: సేకరణ తరువాతి తొలి గంటల ప్రాధాన్యం

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. అంతకు ముందు ఖమ్మం జిల్లాలో భాగమైన అశ్వారావుపేట ఈ జిల్లా తూర్పు అంచున ఉంది. ఇక్కడి నుంచి సరిహద్దు దాటితే జంగారెడ్డిగూడెం వైపు గోదావరి మెట్ట ప్రాంతం మొదలవుతుంది. అందువల్ల కోస్తా నుంచి వచ్చిన తోట పంటలు, అడవిని నమ్ముకున్న కోయ పల్లెల సేకరణ ఇక్కడ పక్కపక్కనే సాగుతున్నాయి. రహదారి వెంట ఆయిల్ పామ్, కొబ్బరి, కోకో, జీడిమామిడి తోటలు కనిపిస్తాయి. లోపలి పల్లెల్లో ఇప్ప, తాటి, జీలుగు చెట్లున్నాయి. ఈ రెండు రకాల ఉత్పత్తిదారులకూ సమస్య ఒక్కటే. చెట్టు నుంచి దిగిన సరుకు ఆగదు. ఒకరికి ఆ సమస్యను తీర్చే ఏర్పాటు ఉన్నది, మరొకరికి లేదు.

ముందుగా ఆయిల్ పామ్ సంగతి చూద్దాం. గెల కోసిన తరువాత, ముఖ్యంగా పండ్లు నలిగినప్పుడు, లైపేజ్ ఎంజైము నూనెను విడగొట్టి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను పెంచుతుంది. ఫ్యాక్టరీలో గెలను ఆవిరిలో ఉడికిస్తేనే ఈ చర్య ఆగుతుంది. కాబట్టి గెల 24 గంటలలోపు ఫ్యాక్టరీకి చేరాలి. 1993 నాటి ఆయిల్ పామ్ క్రమబద్ధీకరణ చట్టం ఈ జీవరసాయన వాస్తవాన్ని గుర్తించే, ప్రతి ఫ్యాక్టరీకి ఒక పరిధిని నిర్ణయించింది. ఆ పరిధిలోని రైతు గెలలను ఆ ఫ్యాక్టరీకే ఇవ్వాలి, ఫ్యాక్టరీ వాటిని కొనాలి. ధరను నూనె రికవరీతో ముడిపెట్టారు. రికవరీ శాతంపై రైతుల వాదనలు ఉండవచ్చు గాని, కోసిన గెల ఎక్కడికి పోవాలన్న ప్రశ్న రైతుకు లేదు. అశ్వారావుపేటలోనూ, దమ్మపేట మండలం అప్పారావుపేటలోనూ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలున్నాయి.

తాటి నీరాకు ఉన్న గడువు ఇంకా తక్కువ. అప్పుడే దిగిన నీరాలో చక్కెర సుమారు 10 నుంచి 12 శాతం ఉంటుంది, అందులో అధిక భాగం సుక్రోజు. గాలిలోనూ, పాత లొట్టి అడుగునా ఉండే ఈస్టులు వెంటనే పని ప్రారంభిస్తాయి. కొన్ని గంటల్లోనే అది కల్లుగా మారుతుంది. మరికొంత సమయం గడిస్తే అసిటిక్ బాక్టీరియా వల్ల పులుపెక్కుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే క్షారగుణం వల్ల పులియడం నెమ్మదిస్తుంది. తాటిబెల్లం తయారీలో ఈ మెలకువ నిర్ణయాత్మకం. పులియడం మొదలైతే సుక్రోజు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోతుంది. అలాంటి రసాన్ని ఎంతసేపు కాచినా పాకం గట్టిపడదు, జిగురుగానే మిగులుతుంది. శిక్షణ తరగతుల్లో పొయ్యి గురించీ, అచ్చుల గురించీ ఎక్కువ చెబుతాం. బెల్లం చెడేది పొయ్యి దగ్గర కాదు, చాలావరకు చెట్టు మీదనే. హైదరాబాదులో 2023లో నెక్లెస్ రోడ్డున నీరా కేఫ్ ప్రారంభమైంది. అటువంటి విక్రయానికి దింపిన క్షణం నుంచి శీతలీకరణ అవసరం. అడవి అంచున ఉన్న పల్లెకు అది ఇంకా దూరమే.

జీలుగు (కారియోటా యురెన్స్) విషయంలో మరొక జాగ్రత్త ఉంది. ఈ చెట్టు పూత పైనుంచి కిందకు ఒక్కొక్క గెలగా వస్తుంది. చివరి గెలతో చెట్టు ఆయుష్షు ముగుస్తుంది. తాటితో పోలిస్తే రోజుకు వచ్చే రసం చాలా ఎక్కువ, అందుకే గిరాకీ కూడా ఎక్కువ. కొత్త మొక్కలు నాటకుండా గీత పెంచితే వనరే తరిగిపోతుంది. పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానం తాటితో పాటు జీలుగుపైనా పని చేస్తున్నందున, ఇక్కడి విస్తరణ సిబ్బంది ఆ అనుభవాన్ని వినియోగించుకోవచ్చు.

ఇప్పపువ్వు (మధుకా లాంగిఫోలియా) ఈ ప్రాంత ఆహారంలో అన్నింటికంటే విలువైనదని, అన్నింటికంటే అన్యాయమైన ధర పొందేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున కండగల పూరేకులు రాలుతాయి. స్త్రీలు, పిల్లలు ఎండ ముదరకముందే ఏరుకొస్తారు. ఏరడానికి వీలుగా చెట్టు కింది ఆకులలాన్ని తగలబెట్టడం అలవాటు. దాని వల్ల మొలకలు కాలిపోతాయి, పువ్వుకు బూడిద అంటుతుంది, ఒక్కొక్కసారి మంట అడవిలోకి పాకుతుంది. తాజా పువ్వులో నీరే అధికం, మిగిలిన దానిలో చక్కెరలే ప్రధానం. కాబట్టి మొదటి రోజునే పలుచగా పరచి ఆరబెట్టకపోతే పులియడమో, బూజు పట్టడమో తప్పదు. ఏప్రిల్ గాలివాన ఒక్కటి వస్తే మట్టి నేలపై పోసిన పువ్వు నల్లబడుతుంది. నల్లబడిన పువ్వు సారాకు తప్ప దేనికీ పనికిరాదు, దాని ధరను వ్యాపారే నిర్ణయిస్తాడు. ఇప్పపువ్వుకు సారా పేరు అంటుకోవడానికి ఇది కూడా ఒక కారణం.

చెట్టు కింద కొంత ఎత్తున వల కట్టితే పువ్వు నేలను తాకదు, ఆకులు కాల్చే పని ఉండదు. ఆరబెట్టడానికి వెదురు తడికెల మంచెలు, వీలైతే సౌర ఆరబెట్టు యంత్రం సరిపోతాయి. ఇలా శుభ్రంగా ఆరిన పువ్వు లడ్డూలకు, చిక్కీలకు పనికొస్తుంది. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళల సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూలు తయారుచేసి దీనిని రుజువు చేసింది. భద్రాచలం పరిధిలోనూ గిరిజన మహిళా బృందాలకు ఇది అందుబాటులోని మార్గమే. అయితే లడ్డూ యంత్రం ముందు కాదు, వల ముందు రావాలి.

తాటి తేగలకు ఈ తొందర లేదు. పండిన కాయల టెంకలను నేలలో పాతితే కొన్ని నెలలకు తేగలు సిద్ధమవుతాయి. ఉడికించి, కాల్చి సంతలో అమ్ముతారు. ఎండబెట్టి పిండి చేస్తే నిల్వ కూడా ఉంటుంది. ఆశ్చర్యమేమంటే, ఈ సరుకుకే మనం అందరికంటే తక్కువ శ్రద్ధ చూపుతున్నాం.

చట్టపరంగా అడ్డంకి పెద్దగా లేదు. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై స్థానికుల యాజమాన్యాన్ని గుర్తించాయి. మత్తు పానీయాల నియంత్రణలో గ్రామసభకు పాత్రను కూడా పెసా కల్పించింది. 2018లో ప్రారంభమైన వన్ ధన్ పథకం బృందాలకు విలువ జోడింపు శిక్షణ, పరికరాలు ఇస్తుంది. లోపమల్లా పువ్వు రాలిన ఉదయానికి, వారపు సంతకు మధ్య ఉన్న రోజుల్లోనే ఉంది. ఆయిల్ పామ్‌కు చేసినట్లు ఒక పరిధి, ఒక సేకరణ కేంద్రం, నాణ్యతను బట్టి ముందే ప్రకటించిన ధర ఇప్పపువ్వుకూ అవసరం. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాల విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమంలో రెండు మూడు పల్లెలను ఎంచుకొని, వలపై సేకరించిన పువ్వును, నేలపై ఏరిన పువ్వును పక్కపక్కన ఆరబెట్టి తేమ, బూజు, రంగు, సంత ధర నమోదు చేయవచ్చు. కోయ పల్లెల్లో కొత్త ఫలసాయాన్ని పండుగ చేసుకున్న తరువాతే వాడే ఆచారముంది. గ్రామమంతా కూడే ఆ రోజుకు ముందే, పెద్దల అనుమతితో వలలు అందేలా ఏర్పాటు చేసుకోవాలి. పువ్వు రాలడం మొదలయ్యాక వెళ్లిన శాస్త్రవేత్త మాట వినడానికి ఇళ్లలో ఎవరూ ఉండరు.