శిక్షకు రెండర్థములు

జమ్‌షెడ్‌పురమునందలి బిర్సానగర్ ఆదివాసి వీరుడు బిర్సా ముండా పేర వెలసిన పేట. టాటా వారి కార్ఖానాలో 1912లో తొలి ఉక్కు తయారైన పిదప, పని వెదకికొనుచు ఉత్తరాంధ్రమునుండి వచ్చి ఈ నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములెన్నియో కలవు. వారి బిడ్డలు ఇంట తెలుగును, బడిలో హిందీని, చుట్టుప్రక్కల వంగ, ఒడియా భాషలను, 2003లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలునకెక్కిన సంతాలీని వినుచు పెరుగుదురు. ఇన్ని భాషలు చెవిని పడినవానికి అనువాదము వెన్నతో పెట్టిన విద్య యని తోచును గాని, దానిని వృత్తిగా చేపట్టినవారు ఆ మాట కొప్పుకొనరు.

ఎవరికొలువునను చేరక, ఇంటనే కూర్చుండి, పెక్కుసార్లు మాటకింత యని లెక్కగట్టి పని పుచ్చుకొను స్వతంత్రానువాదకుడు తన్ను గూర్చి మొదట చెప్పుకొనునది భాషల జంట. ఆ జంటకు దిశ కలదు: హిందీనుండి తెలుగునకు చక్కగా తెచ్చువాడు తెలుగునుండి హిందీకి అంత చక్కగా తీసికొనిపోగలడన్న నియమము లేదు. చదివి గ్రహించుటకు నేర్చిన భాష చాలును. వ్రాయుటకు నుడికారము ఉగ్గుపాలతో అబ్బియుండవలయును. కావుననే పెక్కురు మాతృభాషలోనికే అనువదింతురు.

పోలికగల భాషలు సులభమనుకొనుట మరియొక భ్రమ. హిందీలో ‘శిక్షా విభాగ్’ అనగా విద్యాశాఖ. తెలుగు చెవికది దండనశాఖ. వారి ‘ఉపన్యాస్’ నవల, మన ఉపన్యాసము ప్రసంగము; వారి ‘అవసర్’ చేతికందిన అదను, మన అవసరము తీరవలసిన అక్కర. సంస్కృతపు గనినుండి తెచ్చుకొన్న బంగారమొక్కటే యైనను, ఎవరి నగ వారు చేయించుకొనిరి.

జంట కుదిరినను, రంగము కుదురనిచో పని చెడును. ఒప్పందపత్రమున ‘కన్సిడరేషన్’ ఆలోచన కాదు, ప్రతిఫలము. వైద్యపరీక్షలో ‘పాజిటివ్’ శుభవార్త కాకపోవచ్చును. ఉక్కు కార్ఖానాలో ‘హీట్’ వేడిమి కాదు, ఒక్క విడతలో కరగించి దించిన ఉక్కు. నిఘంటువు అర్థములన్నిటిని వరుసగా పరచును గాని, వానిలో ఇచ్చట వలసినదేదియో చెప్పదు. అందుచేతనే ఒకడు న్యాయపత్రములకును, ఒకడు ఔషధవివరములకును, మరొకడు యంత్రములకును పరిమితుడై, తనకెరుకలేని రంగము వచ్చినపుడు ఎంత సొమ్మిత్తుమన్నను వలదనును.

బిర్సానగర్‌లో తెలుగింటి కుఱ్ఱవాడెవడైన ఈ వృత్తికి దిగినచో, యంత్రపత్రములో ‘హీట్’ అను మాట తటస్థించినపుడు నిఘంటువు తెరువక ముందే పెరటిలోనికి పోవుట మేలు. కొలిమియొద్ద ముప్పది యేండ్లు నిలిచి, పింఛను పుచ్చుకొని, అచ్చట మంచముపై కూర్చున్న తాతకు ఆ మాట తెలుగులోనే తెలియును.