మూడింటికి ఎక్కి ఐదున్నరకి అమెరికాలో!

మొన్న మే నెలలో అక్క డెలివరీకని అమ్మ శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళింది. ఒక్కతే వెళ్ళింది, అదే మొదటి విదేశీ ప్రయాణం. టికెట్ చూసి నాన్న, "ఒరేయ్, ఢిల్లీలో తెల్లవారుజామున 3కి ఎక్కితే అదే రోజు పొద్దున 5.30కి దిగుతుందట. రెండున్నర గంటల్లో అమెరికా ఏంట్రా?" అన్నారు.

టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే ఉంటుంది. ఎండాకాలంలో శాన్ ఫ్రాన్సిస్కో మనకంటే 12½ గంటలు వెనక, చలికాలంలో 13½. కాబట్టి అసలు ప్రయాణం 15 గంటలు. అమ్మ దిగేసరికి మనకి సాయంత్రం 6.

అక్కడితో ఆగితే బాగుండేది. సీఎస్ఈ కదా, నేనూ ఒక కోడ్ రాశా. రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశం, రేఖాంశం హావర్‌సైన్ ఫార్ములాలో వేస్తే దూరం దాదాపు 12,400 కిలోమీటర్లు వచ్చింది. గంటకు 900 చొప్పున 13 గంటల 45 నిమిషాలు. "టికెట్‌లో ఎక్కువ వేస్తారు నాన్నా, 4.45కే దిగిపోతుంది" అన్నాను.

4.45 అయింది. ఫోన్ లేదు. 5.15కి కూడా లేదు. నాన్న ఫోన్ చేతిలోంచి దించట్లేదు. ట్రాకింగ్ యాప్ తెరిస్తే విమానం ఇంకా పసిఫిక్ సముద్రం మీదే ఉంది!

తప్పు ఎక్కడంటే, నా ఫార్ములా ఇచ్చింది గ్రేట్ సర్కిల్ దూరం. బత్తాయి మీద రెండు చుక్కలు పెట్టి మధ్యలో దారం బిగించి లాగితే వచ్చే దారి అన్నమాట. ఢిల్లీ నుంచి ఆ దారం టిబెట్, రష్యాల మీదుగా ఆర్కిటిక్ దాకా ఎక్కి, అలాస్కా వైపు దిగుతుంది. కానీ క్యాబిన్‌లో ప్రెషర్ పోతే పైలట్ వెంటనే దాదాపు 3 కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. టిబెట్‌లో నేలే అంతకంటే ఎత్తు. ఆర్కిటిక్‌లో అవసరమైతే దిగడానికి ఎయిర్‌పోర్టులు తక్కువ.

ఇక గాలి. పైన జెట్ స్ట్రీమ్ పడమర నుంచి తూర్పుకి వీస్తుంది. 2016 అక్టోబర్‌లో ఎయిర్ ఇండియా ఇదే ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి నుంచి పసిఫిక్ దారికి మార్చింది. దూరం సుమారు 13,900 నుంచి 15,300 కిలోమీటర్లకి పెరిగింది. టైమ్ మాత్రం దాదాపు 2 గంటలు తగ్గి, 14½ గంటల దగ్గరికి వచ్చింది! భాగించి చూడండి, నేల మీద లెక్కిస్తే సగటు వేగం గంటకు 1,050 కిలోమీటర్ల పైమాటే. ఇంజిన్ మారలేదు, వెనక నుంచి గాలి తోసింది.

డైక్‌స్ట్రా అల్గారిథం చదివినవాళ్ళకి ఇది వెంటనే తడుతుంది. ఎడ్జ్ మీద వేయాల్సిన వెయిట్ కిలోమీటర్లు కాదు, గంటలు. పైగా ఆ వెయిట్ రోజూ మారుతుంది, వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఇంకొకటి. నేను పరీక్షలో రాశాను కానీ, ఇంట్లో మర్చిపోయా.

6.10కి అమ్మ ఫోన్. "దిగానురా, మీ నాన్న కాఫీ తాగారా?" తాగలేదు. గ్లాసు అలాగే చల్లారిపోయి ఉంది.

అమ్మ తిరుగు ప్రయాణానికి నేను కోడ్ రాయలేదు. టికెట్ మీదున్న టైమే నాన్నకి చెప్పా.